డిష్ యాంటెన్నా కొలతలు తేడా వస్తున్నాయా? ముందు కొలిచే ఏర్పాటును పరీక్షించండి

10.525 గిగాహెర్ట్జ్‌లో సిగ్నల్ పంపే హెచ్‌బీ100 డాప్లర్ మాడ్యూల్ (కదలికను పసిగట్టే చిన్న రాడార్ బోర్డు), డిష్ ముందు బిగించే డీటీహెచ్ ఎల్‌ఎన్‌బీ (అందిన సిగ్నల్‌ను పెంచి, దాని ఫ్రీక్వెన్సీని తగ్గించే భాగం), కంప్యూటర్‌కు తగిలించే ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ (యూఎస్‌బీ రేడియో రిసీవర్) ఉంటే 60 సెంటీమీటర్ల డిష్‌ను హైదరాబాద్‌లో ఇంటి డాబా మీదనే పరీక్షించవచ్చు. యూనివర్సల్ ఎల్‌ఎన్‌బీలోని ఆసిలేటర్ 9.75 గిగాహెర్ట్జ్ కాబట్టి, రెంటి తేడా అయిన 775 మెగాహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ డాంగిల్‌లో కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ సామాను దొరికే కోఠీ గుజరాతీ గల్లీలో వెతికి సమకూర్చుకోగల ఈ చవక సామానుతోనూ నమ్మదగిన కొలతలు వస్తాయి; అయితే తప్పుడు రీడింగుకు కారణం చాలాసార్లు డిష్ కాదు, దాన్ని కొలిచే తీరు.

సమస్య: డిష్‌ను తిప్పినా రీడింగు పెద్దగా మారడం లేదు

ఈ డిష్ బీమ్ వెడల్పు (అది సిగ్నల్‌ను బాగా అందుకునే కోణం) సుమారు 3.3 డిగ్రీలే కనుక, నాలుగైదు డిగ్రీలు పక్కకు తిప్పగానే రీడింగు బాగా పడిపోవాలి. పడిపోకపోతే ముందుగా డాంగిల్‌లో ఆటోమేటిక్ గెయిన్ (సిగ్నల్‌ను తనంతట తానే పెంచి తగ్గించే అమరిక) ఆపేసి, గెయిన్‌ను ఒకే విలువ దగ్గర ఉంచండి. అయినా మారకపోతే ఎల్‌ఎన్‌బీయే సంతృప్త స్థితికి, అంటే అందే సిగ్నల్ మరీ ఎక్కువై ఇక పెంచలేని స్థితికి చేరినట్టు. లెక్క చూడండి: మాడ్యూల్ సుమారు 15 డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి డెసిబెల్స్‌లో చెప్పే పవర్) పంపితే, 25 మీటర్ల దూరంలో 81 డెసిబెల్స్ పోయి, డిష్ గెయిన్ 34 కలిసి, ఎల్‌ఎన్‌బీ ముఖద్వారం దగ్గరే మైనస్ 32 డీబీఎం ఉంటుంది. దానికి 55 డెసిబెల్స్ గెయిన్ తోడైతే ఏ ఎల్‌ఎన్‌బీ కూడా తట్టుకోలేదు. ఎల్‌ఎన్‌బీ తర్వాత అటెన్యుయేటర్ (సిగ్నల్‌ను తగ్గించే భాగం) పెట్టినా లాభం లేదు. తగ్గించవలసింది పంపే చోటే. మాడ్యూల్‌ను, దాని బ్యాటరీని కలిపి రేకు డబ్బాలో పెట్టి, మూత గట్టిగా బిగించి, ముందువైపు కొద్ది మిల్లీమీటర్ల రంధ్రం మాత్రమే వదలండి. వైరు బయటికి తీస్తే ఆ సందులోంచి కూడా సిగ్నల్ లీకవుతుంది.

తగ్గించింది సరిపోయిందో లేదో తేల్చడానికి పైసా ఖర్చులేని పద్ధతి ఉంది. రెండు వైపులా పోలరైజేషన్ (తరంగం ఊగే దిశ) కలిసేలా అమర్చి, పంపే మాడ్యూల్‌ను దాని అక్షం చుట్టూ 60 డిగ్రీలు తిప్పితే రీడింగు 6 డెసిబెల్స్ తగ్గాలి. రెండు మూడు డెసిబెల్సే తగ్గితే సిగ్నల్ ఇంకా ఎక్కువగానే ఉంది. ఈ పరీక్ష నెగ్గకుండా, డిష్ తిప్పిన కోణానికి రీడింగు ఎలా మారిందో చూపుతూ వేసిన గ్రాఫును నేనైతే నమ్మను.

సమస్య: సిగ్నల్ పక్కకు జరుగుతోంది, లేదా మాయమవుతోంది

మే నెల ఎండలో డాబా మీద మాడ్యూల్, ఎల్‌ఎన్‌బీ రెండూ వేడెక్కి ఫ్రీక్వెన్సీ జరుగుతుంది. రెంటికీ నీడ కల్పించి, పావుగంట ఆన్‌లో ఉంచాక మొదలుపెట్టండి. అర నిమిషానికే సిగ్నల్ పూర్తిగా ఆగిపోతుంటే పవర్ బ్యాంకును అనుమానించండి: మాడ్యూల్ వాడే కరెంటు చాలా తక్కువ కావడంతో కొన్ని పవర్ బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. అసలేమీ రాకపోతే ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టులు అందుతున్నాయో చూడండి. డాంగిల్ ఇచ్చే 4.5 వోల్టులు చాలవు. ఆ 13 లేదా 18 వోల్టులు డాంగిల్‌లోకి వెళ్లకుండా డీసీ బ్లాక్ (డీసీ కరెంటును ఆపి సిగ్నల్‌ను మాత్రం వదిలే భాగం) తప్పనిసరి.

సమస్య: డిష్‌ను కాస్త ఎత్తితేనే రీడింగు ఎగుడుదిగుడు అవుతోంది

డాబా నేల, పిట్టగోడ, రేకుల షెడ్డు నుంచి వచ్చే ప్రతిఫలనాలు నేరుగా వచ్చే తరంగంతో కలవడమే దీనికి కారణం. ఒకే డాబా మీద ఇరికించకుండా, వీధికి అవతలి మేడ మీద మాడ్యూల్‌ను, ఇవతలి పిట్టగోడ అంచున డిష్‌ను ఉంచితే తరంగం ఖాళీ గాలి మీదుగా వస్తుంది. దూరం 25 మీటర్లకు తగ్గకూడదు.

సమస్య: గ్రాఫు ఆకారం బాగుంది కానీ గెయిన్ తక్కువ

ఫీడ్‌ను (డిష్ ముందు బిగించిన ఎల్‌ఎన్‌బీని) సెంటీమీటరు లోపలికీ బయటికీ జరిపి గరిష్ఠ రీడింగు వచ్చే స్థానం వెతకండి. ఆఫ్‌సెట్ డిష్ (ఫీడ్ మధ్యలో కాక కింది అంచు వైపు ఉండేది) అయితే దాని బీమ్ డిష్ ముఖానికి లంబంగా కాక, సుమారు పాతిక డిగ్రీలు పైకి ఉంటుందని గుర్తుంచుకుని గురిపెట్టండి. ఇంకా అనుమానం తీరకపోతే మాడ్యూల్‌ను ఆపేసి, డిష్‌ను సూర్యుడి వైపు తిప్పండి. ఖాళీ ఆకాశానికీ సూర్యుడికీ మధ్య నాయిస్ కొన్ని డెసిబెల్స్ పెరగాలి. ఇదే కొలతను అదే ఎల్‌ఎన్‌బీతో, సరైనదని తెలిసిన అంతే సైజు డిష్ మీద కూడా తీసి పోల్చినప్పుడు తేడా కనిపిస్తే, అప్పుడు డిష్ సొట్టలను వెతకండి.