బడిపిల్లలకు సంగీతం, 4వ పాఠం: పరుగెత్తే తాళం

పోయిన పాఠంలో ఆది తాళం, అంటే ఎనిమిది అక్షరాల (సమానమైన లెక్కల) తాళం, చెప్పుకున్నాం. చేయించి చూసిన టీచర్లలో ఎక్కువమందిది ఒకటే గోడు: నాలుగో ఆవర్తనానికల్లా (ఆవర్తనమంటే తాళం ఒక పూర్తి చుట్టు) పిల్లలు పరుగు అందుకుంటున్నారు. అందుకే సరళీ వరుసలు (మొట్టమొదటి స్వరాభ్యాసాలు) ఈ వారం పక్కన పెడదాం. లయ నిలవకుండా స్వర వరుసలు మొదలుపెడితే రెండూ చెడతాయి.

పరుగు ఎక్కడ పుడుతోందో గమనించండి. ఎనిమిది అక్షరాల్లో చప్పుడయ్యేవి మూడే: లఘువు (ఒక దెబ్బ, మూడు వేళ్ల లెక్క) దెబ్బ, రెండు ద్రుతాల (ఒక్కోదానికి ఒక దెబ్బ, ఒక విసురు) దెబ్బలు. మూడు వేళ్లు, రెండు విసుర్లు మౌనం. పిల్లలకు మౌనమంటే ఖాళీ, గబుక్కున దాటేస్తారు. అన్నిటికన్నా విసురుతోనే చిక్కు. చెయ్యి తిరగేయగానే పని అయిపోయిందనుకుని, తరవాతి దెబ్బ ముందే వేసేస్తారు. పది ఆవర్తనాల్లో ఇరవైసార్లు ఇలా కాస్త కాస్త కోత పడుతుంది. "మెల్లగా, మెల్లగా" అని మాత్రం దయచేసి అనకండి. ఆ మాటకు పిల్లలు మొత్తం వేగం తగ్గిస్తారు, విసురు మాత్రం పొట్టిగానే ఉండిపోతుంది.

మౌనానికి పని ఇవ్వాలి. చిటికెన, ఉంగరపు, మధ్య వేళ్లు ఒక్కొక్కటిగా తొడకు ఆనాలి. విసురు గాల్లో వద్దు. చెయ్యి వెనకభాగం తొడమీద పడాలి. పెద్దలు గాల్లో విసురుతారు నిజమే, ఏడేళ్ల పిల్లలకు నేను ఒప్పుకోను. నోటితో అక్షరానికొకటి చొప్పున: త క ధి మి, త క, జ ణు.

అప్పటికీ కుదరకపోతే లేపి నిలబెట్టండి. జాతరలో తప్పెటగుళ్లు చూసినవాళ్లుంటే గుర్తు చేయండి: తప్పెట గుండెమీద మోగుతుంటే నడకను కాళ్లగజ్జెలు పట్టి ఉంచుతాయి. అలాగే ఉన్నచోటే కుడి ఎడమలుగా ఎనిమిది అడుగులు, చేత్తో తాళం. ఎత్తిన పాదం దిగేదాకా తరవాతి అక్షరం రాదు.

ఒకటి, రెండు తరగతులకు నిమిషానికి 80 అక్షరాల వేగం పెట్టండి. చిన్నపిల్లల సహజ నడక చురుకు, మరీ నెమ్మదైతే వాళ్లు ఆగలేరు. ఈ వేగంలో 10 ఆవర్తనాలు సరిగ్గా నిమిషం. 52 సెకన్లకే ముగిస్తే పరుగు పోలేదన్నమాట. నాలుగు, ఐదు తరగతులకు 60 చాలు, గోడ గడియారం టిక్కుకొక అక్షరం.

శ్రుతి, అంటే ఆధారంగా పట్టే 'స' ఎత్తు, 5కీ 6కీ మధ్య (హార్మోనియం తెల్లమెట్ల లెక్క: 1 అంటే C, 5 అంటే G, 6 అంటే A). మాస్టార్లు తమ 1 శ్రుతిలో పాడితే పిల్లలు ఒక స్థాయి పైన అందుకుంటారు, పై షడ్జం (పై స్థాయి స) దగ్గర అరుపే మిగులుతుంది. ఫోన్లో తంబూరా పెట్టుకోండి. ఈ వారం స, ప మాత్రమే, ఒక్కోటి ఒక్కో ఆవర్తనం నిలపాలి.

అభ్యాసం: రెండు ఆవర్తనాలు పైకి పలుకుతూ, రెండు నోరు మూసి చేత్తోనే, మళ్లీ పైకి. తరగతంతా ఒకే "త" మీద దిగాలి. రోజూ ఐదు నిమిషాలు. దానికి ముందు మీరు ఒక్కరే 20 ఆవర్తనాలు 80 వేగంలో వేసి చూసుకోండి. రెండు నిమిషాలకు అటూ ఇటూ 2 సెకన్లు దాటితే పిల్లల ముందుకు ఇంకా వెళ్లొద్దు.