ఎదుగుదల పట్టిక చదవడం – 4వ పాఠం: పుట్టినప్పటి బరువు, పిల్లల రక్తనాళాలు

గత పాఠాల్లో పట్టికలో చుక్క పెట్టడం, చుక్కలు కలపడం, గీత ఎటు వెళ్తోందో చూడడం నేర్చుకున్నాం. ఈసారి ఆ గీతను రక్తనాళాల వైపు నుంచి చదువుదాం. తల్లీబిడ్డల కార్డు, బడిలో ఎత్తు బరువులు రాసిచ్చిన చీటీ, రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

ముందు కారణం తెలియాలి. గుండె కొట్టుకున్న ప్రతిసారీ బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే అతి పెద్ద రక్తనాళం) సాగి, మళ్లీ ముడుచుకుని రక్తాన్ని ముందుకు తోస్తుంది. ఈ సాగే గుణం ఎలాస్టిన్ అనే ప్రొటీన్ వల్ల వస్తుంది. అది ఎక్కువగా చేరేది కడుపులో చివరి నెలల్లో, పుట్టాక తొలి నెలల్లో. ఆ తర్వాత కొత్తగా తయారయ్యేది చాలా తక్కువ. మూత్రపిండాల్లో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు కూడా గర్భం దాదాపు 36 వారాలకే ఏర్పడిపోతాయి. కడుపులో బిడ్డకు పోషణ చాలకపోతే ఈ రెండూ తగ్గవచ్చు. పెద్దయ్యాక బీపీ పెరగడానికి ఇదొక దారి.

దీనికి సాక్ష్యం మన దగ్గరే ఉంది. 1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ దగ్గరి 29 గ్రామాల్లో ఒక పరిశీలన చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న–సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్లకు అప్పటికి ఈ పోషకాహార పథకం రాలేదు. ఆ పిల్లలు 13–18 ఏళ్ల వాళ్లయ్యాక మళ్లీ పరీక్షించారు. ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ఉప్మా అందిన ఊళ్ల పిల్లలు మిగతా ఊళ్ల పిల్లల కంటే సగటున 14 మి.మీ. ఎక్కువ పొడవున్నారు, వాళ్ల ధమనులు తక్కువ బిరుసుగా ఉన్నాయి. బీపీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. నాకు ఇందులో ముఖ్యంగా తోచేది ఇదే: బీపీ అంకె మామూలుగా ఉన్నంత మాత్రాన ధమనుల్లో ఏ తేడా లేదని అనుకోకూడదు.

ఇక గీత చదువుదాం. ఇది లెక్క కోసం రాసిన ఉదాహరణ. ఒక పాప పుట్టినప్పుడు 2.3 కిలోలు. 2.5 కంటే తక్కువ కాబట్టి తక్కువ బరువే. ఏడాదికి 8, రెండేళ్లకు 10.2 కిలోలు. అడుగున మొదలైన గీత పైకి వచ్చి నిలదొక్కుకుంది. ఇది మనం కోరుకునే ఎదుగుదలే, దీన్ని చూసి భయపడి పాలో అన్నమో తగ్గించకండి. ఐదేళ్లకు 16 కిలోలు, 105 సెం.మీ. ఎనిమిదేళ్లకు 28 కిలోలు, 120 సెం.మీ.

బరువును (కిలోల్లో) ఎత్తుతో (మీటర్లలో) రెండుసార్లు భాగించండి, వచ్చేదే బీఎంఐ. ఐదేళ్లకు 14.5 వస్తుంది, ఎనిమిదేళ్లకు 19.4. ఈ మూడేళ్లలో ఆడపిల్లల మధ్యస్థ బీఎంఐ 15.3 నుంచి 15.7కే చేరుతుంది. ఎనిమిదేళ్లకు 17.7 దాటితే అధిక బరువు. అంటే పొడవు వెనకబడి, బరువు ముందుకు దూకింది. బొద్దుగా ఉందని చుట్టాలు మెచ్చుకునే దశ ఇదే, మనం ఆగి చూడాల్సిందీ ఇక్కడే.

ఢిల్లీలో 1969–72 మధ్య పుట్టినవాళ్లను పెద్దయ్యేదాకా గమనించిన పరిశోధనలోనూ ఇలాంటి గీతే కనబడింది. రెండేళ్లకు సన్నగా ఉండి, ఆ తర్వాత బీఎంఐ గీత పైకి ఎక్కుతూ పోయినవాళ్లలో మధుమేహం, దానికి ముందు దశ ఎక్కువ. చిత్రమేమంటే పన్నెండేళ్లకు వాళ్లలో ఎవరూ ఊబకాయులు కారు. అందుకే ఒక్క చుక్కను నమ్మకూడదు, గీత మొత్తం చూడాలి.

ఇలాంటి గీత కనబడితే పిల్లల డాక్టరుకు రెండు కాగితాలూ చూపించి బీపీ చూడమనండి. మూడేళ్లు దాటిన పిల్లలందరికీ ఏడాదికోసారి చూడడం మంచిది. మరీ నెలలు తక్కువగా పుట్టినవాళ్లకు ఇంకా ముందే చూడాలి. పిల్లల సైజు పట్టీయే కట్టాలి. దాని లోపలి గాలి సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో కనీసం 40 శాతం ఉండాలి. ఇరుకు పట్టీ కడితే లేని బీపీ చూపిస్తుంది. బిడ్డను వీపు ఆనించి కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనాక, ఐదు నిమిషాలు ఆగి కుడి చేతికి చూడాలి. పెద్దల 120/80 లెక్క పదమూడేళ్ల లోపు పనికిరాదు. వయసు, ఎత్తు, ఆడా మగా అన్నదాన్ని బట్టి పట్టిక వేరు.

అభ్యాసం: మీ బిడ్డ పుట్టినప్పటి బరువు, ఎన్ని వారాలకు పుట్టిందీ, రెండేళ్ల బరువు, ఐదేళ్ల ఎత్తు బరువులు, ఇప్పటివి ఒక కాగితం మీద రాసి, బీఎంఐలు కట్టి ఉంచుకోండి. ఆ బీపీ పట్టిక చదవడం వచ్చే పాఠంలో.