అంబాసిడర్ పునరుద్ధరణలో అసలు ఇంజన్: ఉంచడమా, మార్చడమా

పాత కారును మళ్ళీ రోడ్డెక్కించాలనుకునేవారు రంగు గురించి, సీట్ల గురించి నెలల తరబడి ఆలోచిస్తారు. ఇంజన్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మెకానిక్ చెప్పిందానికి తల ఊపేస్తారు. మా తిరుపతిలోనైనా, చిత్తూరులోనైనా ఆ మాట తరచుగా ఒకటే: "దీని మీద ఖర్చు పెట్టడం దండగ సార్, వేరే ఇంజన్ ఎక్కించేద్దాం." మా నాన్నగారి 1973 నాటి అంబాసిడర్ మార్క్-2 విషయంలో నేను ఆ మాటకు సరేనన్నాను. షెడ్డువాళ్ళు డీజిల్ ఇంజన్ బిగించి, పాత బ్లాకును, అంటే సిలిండర్లుండే ఇంజన్ మొండేన్ని, తూకానికి అమ్మేశారు. దానిలో పగులు ఉందా, అరుగుదల ఎంత అన్నది ఎవరూ కొలిచి చూడలేదు. ఆ తర్వాత మరో అంబాసిడర్‌ను దగ్గరుండి బాగుచేయించాను. ఈ వ్యాసంలో రాస్తున్నది ఆ రెండు బండ్ల దగ్గర నేర్చుకున్నదే.

మొదటి పని, బండిలో ఉన్నది అసలు ఇంజనేనా అని తేల్చుకోవడం. బ్లాకు మీద నంబరు సాధారణంగా దశాబ్దాల గ్రీజు, మట్టి కింద కప్పబడి ఉంటుంది. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో మెల్లగా తుడవాలి గానీ వైర్ బ్రష్షుతో గీకకూడదు, ఎందుకంటే అంకెలు చెరిగిపోతే ఆర్టీవో కార్యాలయంలో లేనిపోని అనుమానాలు వస్తాయి. కనిపించిన నంబరును ఆర్.సి. పుస్తకంతో పోల్చి చూసి, ఫోటో తీసి పెట్టుకోండి. ఉత్తరపారాలో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా మీద తయారైన ఈ కారులో, చాలా ఏళ్ళపాటు వచ్చిన పెట్రోల్ ఇంజన్ 1489 సీసీల బి.ఎం.సి. బి-సిరీస్. నాలుగు సిలిండర్లు, పోత ఇనుప బ్లాకు, ఇంజన్ ఇరుసైన క్రాంకును మోసే మూడు మెయిన్ బేరింగులు. లేత్ పని తెలిసిన మనిషి చేతికి లొంగే సాదాసీదా నిర్మాణం.

ఏళ్ళ తరబడి కదలని ఇంజన్‌కు బ్యాటరీ తగిలించి స్టార్టర్ నొక్కడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. తుప్పుతో పట్టేసిన పిస్టన్ రింగులు ఆ బలానికి విరిగి, బాగున్న బోరును, అంటే సిలిండర్ లోపలి గోడను గీరేస్తాయి. ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కొక్క సిలిండర్‌లో కొద్దిగా డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి వారం రోజులు వదిలేయండి. ఆ తర్వాత ముందునుంచి హ్యాండిల్ పెట్టి, బలవంతం చేయకుండా అటూ ఇటూ కదపండి. నా రెండో బండి తొమ్మిదో రోజున కదిలింది. ముందు అర అంగుళం, తర్వాత పావు చుట్టు, సాయంత్రానికి పూర్తి చుట్టు.

ఇంజన్ తిరుగుతుంటే, విప్పే ముందే, సిలిండర్‌లోని ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజీతో నాలుగింటినీ పరీక్షించాలి. అంకె ఎంత వచ్చిందన్న దానికంటే, నాలుగింటి మధ్య తేడా ఎంత ఉందన్నది ముఖ్యం. పది శాతం దాటిన తేడాను అనుమానించాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. అంకె బాగా పెరిగితే అరుగుదల రింగులలోనో బోరులోనో ఉన్నట్టు, కదలకపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదన్నట్టు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ పడిపోతే, ముందుగా అనుమానించవలసింది వాటి మధ్య కాలిన హెడ్ గాస్కెట్‌ను, అంటే బ్లాకుకూ దాని పైమూత హెడ్‌కూ మధ్య ఉండే పలచని రేకును. నాలుగైదు వందల రూపాయల గేజీతో అయ్యే ఈ పరీక్ష చేయకుండానే ఎన్నో ఇంజన్లను పాత ఇనుముకు పంపేశారని తలచుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

హెడ్ విప్పిన తర్వాత బోరు పైఅంచుకు కాస్త కింద గోరు ఆనించి పైకి జరపండి. రింగులు తాకని చోట గట్టులాగా మిగిలిపోయిన అంచు గోటికి తగులుతుంది, అరుగుదల ఎంతో దాన్నిబట్టే స్థూలంగా తెలుస్తుంది. అసలు కొలత మాత్రం బోరు గేజీతో పై నుంచి కింద వరకు, రెండు దిక్కులా తీయించాలి. బోరు అరిగిందన్నది బ్లాకును పారేయడానికి కారణమే కాదు. ఇరవై, ముప్పై, నలభై సైజు (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క) పిస్టన్లకు బోరింగ్ చేయించవచ్చు, ఆ హద్దు దాటితే లైనర్ (లోపల తొడిగే ఇనుప గొట్టం) వేయించి మళ్ళీ స్టాండర్డ్ సైజుకు తేవచ్చు. క్రాంకును గ్రైండింగ్ చేయించి ఆ సైజుకు తగిన బేరింగు షెల్సు వేస్తారు. బ్లాకును వదులుకోవలసి వచ్చేది కనెక్టింగ్ రాడ్ విరిగి గోడను చీల్చినప్పుడు, లేదా మెయిన్ బేరింగు కూర్చునే చోట పగులు వచ్చినప్పుడు. మా చిత్తూరు వైపు రేడియేటర్లలో బోరుబావి నీళ్ళే పోసేవారు కాబట్టి, నీటి దారులలో సున్నంలాంటి గార గట్టిగా పేరుకుని ఉంటుంది. బ్లాకు పక్కన ఆ దారులను మూసే బిళ్ళలు తీసి, లోపల పూర్తిగా శుభ్రం చేయించకుండా కొత్త పిస్టన్లు వేస్తే మా దగ్గరి మొగిలి ఘాట్ రోడ్డు ఎక్కేలోపే వేడి ముల్లు ఎర్ర గీతను తాకుతుంది.

విప్పినప్పుడే చేయించవలసిన మరో రెండు పనులున్నాయి. 2000 సంవత్సరం నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. కాలిన పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వులు ఆనుకునే పాత సీట్లు ఆ సీసం రక్షణ మీద ఆధారపడినవి కనుక, గట్టి సీట్లు వేయించడం మంచిది. అలాగే ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తట్టుకునే హోసులు, పెట్రోలు పంపులోని పొర (డయాఫ్రం) వేయించండి. సామాన్లు తిరుపతిలో దొరకకపోతే చెన్నై పుదుపేటలోనో, బెంగళూరు జె.సి. రోడ్డులోనో వెతకాలి. పాత సామాను కొనేటప్పుడు మీ పాత భాగాన్ని చేతిలో పట్టుకుని వెళ్ళడమే క్షేమం.

బ్లాకు నిజంగా పోయిందని తేలితే, మొదట వెతకవలసింది అదే బి-సిరీస్ పెట్రోల్ ఇంజన్‌ను. మౌంటింగులు, గేరుబాక్సు, రేడియేటర్ అన్నీ ఉన్నవి ఉన్నట్టే సరిపోతాయి. తర్వాతి కాలపు అంబాసిడర్లలో వచ్చిన 1817 సీసీల ఇసుజు ఇంజన్ చురుకైనదే, కానీ దానితోపాటు ఐదు గేర్ల పెట్టె, మౌంటింగుల మార్పు, ఆ వేగానికి తగిన బ్రేకులు కూడా కావాలి. రోజూ దూరాలు తిరిగేవారికి అది సమంజసమే. డీజిల్ మార్పిడిని నేను ఎవరికీ సిఫారసు చేయను.

ఏ ఇంజన్ వేసినా కాగితాల పని తప్పదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ఈ మార్పులకు సంబంధించినది. ఇంజన్ కొనే ముందే ఆర్టీవో కార్యాలయంలో అడిగి అనుమతి తీసుకోండి, బిగించిన తర్వాత 14 రోజులలోగా తెలియజేసి, బ్రేకినస్పెక్టరుకు బండి చూపించి, కొత్త నంబరును ఆర్.సి.లో ఎక్కించుకోండి. అమ్మినవారి దగ్గర బిల్లుతోపాటు ఆ ఇంజన్ వచ్చిన బండి ఆర్.సి. నకలు కూడా తీసుకోకపోతే, దొంగ సొత్తు కొన్న నేరం మీ మెడకు చుట్టుకోవచ్చు. బీమా సంస్థకూ లిఖితపూర్వకంగా తెలపాలి.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. 50 ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకే ఆ గుర్తింపు. నంబరులో "వి.ఎ." అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, రోజువారీ వాడకానికి అనుమతి లేదు. మా నాన్నగారి కారుకు వయసు సరిపోయినా, డీజిల్ ఇంజన్ మూలంగా నేను ఆ దరఖాస్తు జోలికే వెళ్ళలేకపోయాను.

కాబట్టి తీసేసిన బ్లాకు పగిలిందైనా సరే షెడ్డులో వదిలి రాకండి. బోర్లలో చిక్కటి గ్రీజు పూసి, రంధ్రాలకు గుడ్డలు కుక్కి, నంబరున్న వైపు పైకి ఉండేలా చెక్క మీద పెట్టి, టార్పాలిన్‌తో కప్పండి. నంబరు, విప్పిన తేదీ, బోరు కొలతలు రాసిన రేకు ముక్కను తీగతో దానికే కట్టండి.