సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు

హన్మకొండ నుంచి ములుగు వెళ్లే రోడ్డు పక్కన నా మెకానిక్ షెడ్డు. వానలు మొదలైతే పొద్దున్నే ఫోన్లు వస్తాయి: "అన్నా, సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గానీ బండి అందుకుంటలేదు." అన్నీ పదిహేను, ఇరవై ఏళ్ల ఎంపీఎఫ్ఐ పెట్రోల్ కార్లే, అంటే ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ (పెట్రోలు చిమ్మే నాజిల్) ఉన్నవి. ట్యాంకు నుంచి ఇంజన్‌కు పెట్రోలు పంపే పంపు కొనే తొందర పడొద్దు, ముందు చెవి పెట్టి వినండి అని చెప్తాను.

సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే మాత్రం మొదట బ్యాటరీ సంగతి చూడాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీకి పెట్టిన వోల్టు మీటరులో 10 వోల్టుల కంటే బాగా కిందికి పడిపోతే ఛార్జింగ్ పెట్టించండి.

ఇప్పుడు బ్లోయర్, పాటలు ఆపేసి, అద్దాలు ఎక్కించి, తాళం ఆన్ వరకే తిప్పండి. వెనకవైపు ట్యాంకు దగ్గర రెండు సెకన్లు 'జుయ్' అని పంపు తిరిగిన చప్పుడు రావాలి. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటూ వెలగాలి. ఆ లైటు కూడా రాకపోతే ఈసీఎంకే (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) కరెంటు అందట్లేదేమో చూడాలి. లైటు వచ్చి చప్పుడు లేకపోతే ఫ్యూజు చూడండి. తర్వాత పంపు రిలే (పంపుకు కరెంటు కలిపే స్విచ్) తీసి, అదే నంబరున్న ఇంకో రిలే పెట్టి చూడండి. అప్పటికీ పలకకపోతే పంపు కప్లర్‌లో (వైర్లు కలిసే సాకెట్) కరెంటు, ఎర్త్ పిన్నుల మధ్య టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉంటే వెలిగే చిన్న బల్బు) పెట్టాలి. తాళం తిప్పగానే ల్యాంప్ రెండు సెకన్లు వెలిగిందంటే పంపు పోయినట్టే. వెలగకపోతే పంపుది తప్పు కాదు, వైరింగ్‌ది.

పోయిన వానాకాలం పరకాల నుంచి ఒక రిటైర్డ్ సారు 2005 శాంత్రోను కట్టి లాక్కొచ్చారు. చేతిలో కొత్త పంపు డబ్బా. ఎవరో మార్చాలన్నారట. వెనక సీటు ఎత్తితే అడుగున పీకిన స్పాంజి, మక్క గింజలు, ఎలుక గూడు. పంపు వైరు బెత్తెడు పొడవున కొరికేసి, రాగి తీగలు బయటికి తేలి ఉన్నాయి. కొత్త వైరు వేసి టంకం పెట్టి స్లీవ్ తొడిగాను. మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. "మరి ఈ పంపు ఏం చెయ్యాలె తమ్మీ?" అన్నారు. వాపసు ఇచ్చేయమన్నాను. అంత డబ్బు ఊరికే పోతుందంటే నాకే ప్రాణం ఉసూరుమంటుంది.

పంపు పలుకుతున్నా బండి అందుకోకపోతే కాసేపు సెల్ఫ్ కొట్టి ఒక స్పార్క్ ప్లగ్ విప్పండి. తడిగా, పెట్రోలు వాసనతో ఉంటే ఇంజెక్టర్లు పనిచేస్తున్నాయి, స్పార్క్ వైపు చూడాలి. లేదా పెట్రోలు ఎక్కువై మునిగి ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే చాలా బండ్లలో తేరుకుంటుంది. ప్లగ్ పొడిగా ఉంటే పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద, పిడి చెవికి ఆనించి, ఇంకొకరితో సెల్ఫ్ కొట్టించండి. బెల్టుకు, ఫ్యానుకు దూరంగా నిలబడాలి. టిక్ టిక్ వినిపించాలి. ఒక్కటే పలకకపోతే బండి అదురుతూ అయినా నడుస్తుంది. అన్నీ మూగగా ఉంటే క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుతోందని ఈసీఎంకి చెప్పేది), దాని వైరు, ఇంజెక్టర్లకు వచ్చే కరెంటు చూడాలి.

పెట్రోలు పైపు మాత్రం మీరు విప్పొద్దు. ఇంజన్ ఆపినా లోపల ప్రెషర్ ఉంటుంది, చిమ్మితే కళ్లలో పడుతుంది, నిప్పు అంటుకుంటుంది. అది గేజ్ ఉన్న మెకానిక్ పని. చాలా బండ్లలో 3 బార్ దగ్గర ఉండాలి. ఆయనకు "పంపు చప్పుడు ఉంది, ప్లగ్ పొడిగా ఉంది, ఇంజెక్టర్లు పలకట్లేదు" అని చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు వెంటనే తెలుస్తుంది.