హరికేన్ సీజన్‌కు ముందు గ్యారేజ్ తలుపు మార్చుకునేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

2024 జులై 8 తెల్లవారుజామున బెరిల్ హరికేన్ టెక్సస్ తీరంలోని మాటగోర్డా దగ్గర తీరం దాటి హ్యూస్టన్ వైపు వచ్చినప్పుడు మా ఇంటి పైకప్పు నిలిచింది, కిటికీలు నిలిచాయి. గ్యారేజ్ తలుపు మాత్రం నడిమి భాగంలో లోపలికి వంగిపోయి, ఒక పక్క రెండు రోలర్లు ట్రాక్ నుంచి ఊడివచ్చాయి. అప్పటికి గుంటూరు నుంచి వచ్చి మాతో ఉంటున్న నాన్నగారు, ఏ మరమ్మతైనా సొంతంగా చేసుకునే అలవాటు కొద్దీ, గాలి తగ్గగానే రెంచీ తీసుకుని తలుపు అడుగు మూలనున్న ఇనుప బ్రాకెట్ బోల్టు విప్పడానికి కూర్చున్నారు. ఆ బ్రాకెట్‌కు తగిలించిన సన్నని ఉక్కు తాడు వీణ తీగలా బిగిసి ఉండటం చూసి, "నాన్నగారూ, దాన్ని ముట్టుకోకండి, ముందు ఇవతలికి రండి" అని గట్టిగా అరిచాను. తలుపు బరువును మోసే స్ప్రింగు బలమంతా ఆ తాడు మీదే ఉంటుంది. ఆ బోల్టు ఊడి ఉంటే బ్రాకెట్ ఎగిరివచ్చి ఆయన చేతికో ముఖానికో తగిలేది. కొత్త తలుపు పెట్టించుకునేటప్పుడు తెలుసుకున్న సంగతులను, టెక్సస్‌లోనూ ఫ్లోరిడాలోనూ ఉంటున్న మన కుటుంబాలకు ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాను.

అట్లాంటిక్ హరికేన్ సీజన్ జూన్ 1న మొదలై నవంబర్ 30 వరకు సాగుతుంది. గాలికి తట్టుకునేలా తయారైన తలుపులు చాలాసార్లు దుకాణంలో సిద్ధంగా ఉండవు. ఆర్డరు ఇచ్చాక వారాలు పట్టవచ్చు. దానికితోడు కాలనీ సంఘం, అంటే హెచ్‌ఓఏ, రంగుకూ నమూనాకూ ఒప్పుకోవాలి, చాలా ఊళ్లలో పర్మిట్ కూడా తీసుకోవాలి. అందుచేత ఉగాది నాటికి కొలతలూ కొటేషన్లూ పూర్తయ్యేలా చూసుకోవడం మంచిది. తుపాను పేరు టీవీలో వినబడ్డాక ఫోన్ చేస్తే మంచి పనివారు దొరకరు, దొరికినవారు తొందరలో చేసి వెళ్లిపోతారు.

ఈ తలుపు విషయంలో ఇంత పట్టింపు ఎందుకో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. రెండు కార్లు పట్టే గ్యారేజ్ తలుపు సాధారణంగా 16 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉంటుంది, అంటే 112 చదరపు అడుగులు. గంటకు 110 మైళ్ల వేగంతో వీచే గాలి ఎదురుగా ఉన్న ప్రతి చదరపు అడుగు మీద సుమారు 30 పౌండ్ల ఒత్తిడి తెస్తుంది. అంటే పల్చని రేకుతో చేసిన ఆ ఒక్క తలుపు మూడు వేల పౌండ్లకు పైగా, దాదాపు ఒక కారు బరువంత ఒత్తిడిని ఓర్చుకోవాలి. గాలి వేగం రెట్టింపైతే ఈ ఒత్తిడి నాలుగింతలవుతుంది. తలుపు విరిగిన మరుక్షణం గాలి లోపల దూరి పైకప్పును కింది నుంచి ఎత్తుతుంది, అదే సమయంలో బయటి గాలి ఆ కప్పును పైకి లాగుతూ ఉంటుంది. 1992లో ఆండ్రూ హరికేన్ దక్షిణ ఫ్లోరిడాను దెబ్బతీసినప్పుడు ఎన్నో ఇళ్ల కప్పులు ఇలా గ్యారేజ్ తలుపు విరిగిన తర్వాతే లేచిపోయాయి, ఆ అనుభవంతోనే అక్కడి నిర్మాణ నిబంధనలు కఠినమయ్యాయి.

కాబట్టి దుకాణంలో రంగు, కిటికీల వరస చూడటానికి ముందు అడగవలసినది విండ్ లోడ్ రేటింగ్. చదరపు అడుగుకు ఎన్ని పౌండ్ల ఒత్తిడికి తలుపును పరీక్షించారో అందులో రెండు అంకెలుగా ఇస్తారు: ఒకటి గాలి లోపలికి నెట్టే ఒత్తిడి, రెండోది బయటికి లాగే ఒత్తిడి. మీ చిరునామాకు ఎంత రేటింగ్ కావాలో ఊరి బిల్డింగ్ శాఖ చెబుతుంది. టెక్సస్‌లో గాల్వెస్టన్, బ్రజోరియా వంటి సముద్రతీర కౌంటీలలో ఉన్నవారికి గాలి నిబంధనల ప్రకారం పని జరిగిందని రాష్ట్ర బీమా శాఖ ఇచ్చే డబ్ల్యూపీఐ‑8 ధ్రువపత్రం అవసరమవుతుంది, అది లేకపోతే అక్కడి తుపాను బీమా దగ్గర చిక్కులు వస్తాయి. మయామీ ప్రాంతంలో ఎగిరివచ్చే వస్తువుల తాకిడికి కూడా నిలిచినట్టు ఆమోదం ఉన్న తలుపే పెట్టాలి. హ్యూస్టన్ పశ్చిమ శివార్ల వంటి, సముద్రానికి దూరంగా ఉన్న చోట్ల నిబంధన ఇంత గట్టిగా లేకపోయినా, రేటింగ్ ఉన్న తలుపే తీసుకోమని నా సలహా. ధరలో వచ్చే తేడా కప్పు మరమ్మతు ముందు చాలా చిన్నది.

రేటింగ్ అనేది తలుపు రేకుకు ఒక్కదానికే చెందినది కాదన్న సంగతి కొనేవారికి అమ్మేవారు చాలాసార్లు చెప్పరు. వెనుక అడ్డంగా బిగించే ఉక్కు పట్టీలు, మందమైన ట్రాకులు, పొడవాటి ఇరుసున్న రోలర్లు, దగ్గర దగ్గరగా వేసే బ్రాకెట్లు, వాటిని పట్టుకుని ఉండే పక్క చెక్క, ఆ చెక్కలో దిగే స్క్రూల పొడవు, వీటన్నింటినీ కలిపి పరీక్షించాకే ఆ అంకె ఇస్తారు. పాత ట్రాకులు బాగానే ఉన్నాయి, వాటినే వాడి ఖర్చు తగ్గిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. మా ఇంట్లో పాత తలుపు తీశాక పక్క చెక్క అడుగున ఒక అడుగు మేర తడికి మెత్తబడి, గోరుతో గిల్లితే పొడిపొడిగా రాలింది. దాని మీదే కొత్త బ్రాకెట్లు బిగించబోతే ఆపి, చెక్క మార్పించాం. మీరు కూడా పాత తలుపు దించిన గంటలో స్క్రూడ్రైవర్ మొనతో ఆ చెక్కను పొడిచి చూడండి.

రేకు మందాన్ని గేజ్‌లో చెబుతారు. ఆ అంకె తగ్గినకొద్దీ రేకు మందం పెరుగుతుంది కాబట్టి 24 గేజ్ రేకు 25 గేజ్ కన్నా గట్టిది. తలుపు పడమర ముఖంగా ఉంటే, లేదా గ్యారేజ్ పైన పడకగది ఉంటే లోపల ఇన్సులేషన్ నింపినది తీసుకోవడం మేలు. ప్యానెళ్ల మధ్య సందులో వేలు దూరకుండా చేసిన నమూనాలు దొరుకుతాయి, చిన్నపిల్లలున్న ఇంట్లో అవే పెట్టించండి. ఒకటి గుర్తుంచుకోవాలి: ఇన్సులేషన్, గాజు, అదనపు పట్టీలు ఏవి చేర్చినా తలుపు బరువు పెరుగుతుంది, ఆ బరువుకు సరిపడే స్ప్రింగులే ఉండాలి. తర్వాత ఎప్పుడో సొంతంగా థర్మోకోల్ పలకలు అతికించినా సమతూకం చెడి మోటారు మీద భారం పడుతుంది.

ఇక బిగింపు సంగతి. తలుపు పైన షాఫ్ట్‌కు చుట్టి ఉండే టార్షన్ స్ప్రింగులోనూ, దాని బలాన్ని మోసే కేబుళ్లలోనూ, అడుగు బ్రాకెట్లలోనూ చేయి పెట్టే పని శిక్షణ ఉన్నవారిదే. దాన్ని బిగించడానికి దానికి సరిపోయే ఉక్కు కడ్డీలు ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో ఆ పని చేయబోయి వేళ్లు, దవడ విరగ్గొట్టుకున్నవారు ఉన్నారు. వీడియో చూసి చేసేయవచ్చని మన యువకులు అనుకునే పనుల్లో నాకు ఎక్కువ భయం కలిగించేది ఇదే. వచ్చిన పనివాడు కడ్డీలకు బదులు మరేదైనా బయటికి తీస్తే పని ఆపించి కంపెనీకి ఫోన్ చేయడానికి మొహమాటపడకండి. మామూలు స్ప్రింగు సుమారు 10,000 సార్లు తెరిచి మూయడానికి తయారవుతుంది. రోజుకు ఎనిమిదిసార్లు వాడే ఇంట్లో మూడున్నరేళ్లకే అది తీరిపోతుంది కాబట్టి, ఎక్కువసార్లు పనిచేసే స్ప్రింగు అడిగి తీసుకోండి. ఎన్నిసార్లకు హామీ ఇస్తున్నారో కొటేషన్‌లో రాయించుకోవాలి. చాలా తక్కువ రుసుముకు వస్తామని ప్రకటించి, వచ్చాక ఒక్కొక్క భాగం పాడైందని బిల్లు పెంచేవారు తుపాను తర్వాత ఎక్కువగా తిరుగుతారు.

పనివారు వ్యాను ఎక్కకముందే, వారి ఎదుటే, కొన్ని పరీక్షలు మీరే చేయాలి. తలుపు పూర్తిగా మూసి, మోటారు నుంచి వేరుచేసే ఎర్ర పిడి తాడు లాగి, చేత్తో సగం ఎత్తు వరకు లేపి మెల్లగా వదలండి; సమతూకం సరిగ్గా ఉంటే అది దాదాపు అక్కడే నిలబడుతుంది, కిందికి జారినా పైకి లేచినా స్ప్రింగు సరిచేయించాలి. తర్వాత మోటారు తిరిగి కలిపి, గుమ్మం మధ్యలో టూ‑బై‑ఫోర్ అనే ఒకటిన్నర అంగుళాల మందపు చెక్కను బల్లపరుపుగా పెట్టి తలుపు దింపండి. చెక్కను తాకగానే అది వెనక్కి లేవాలి. 1993 నుంచి అమెరికాలో తయారైన ఇంటి ఓపెనర్లన్నింటికీ, అంటే తలుపును ఎత్తి దించే మోటార్లకు, ఇలాంటి రక్షణ ఉండాలని ఫెడరల్ నిబంధన ఉంది. తలుపుకు రెండు పక్కలా ఉండి, ఒకదాని నుంచి ఒకదానికి కిరణం పంపే సెన్సార్ కళ్లు నేల నుంచి 6 అంగుళాల ఎత్తుకు మించకూడదు. తలుపు దిగుతుండగా చీపురుకట్టతో ఆ కిరణాన్ని అడ్డగించి చూడండి, తలుపు వెనక్కి లేవాలి. గోడ మీట నేల నుంచి కనీసం 5 అడుగుల ఎత్తున, పిల్లలకు అందకుండా, తలుపు కనబడే చోట ఉండాలి.

కరెంటు విషయం కూడా ముందే ఆలోచించాలి. బెరిల్ తర్వాత హ్యూస్టన్ ప్రాంతంలో ఇరవై లక్షలకు పైగా ఇళ్లకూ దుకాణాలకూ కరెంటు పోయింది, కొందరికి వారం దాటినా రాలేదు. బ్యాటరీ ఉన్న ఓపెనర్ అలాంటప్పుడు కొన్నిసార్లైనా తలుపు ఎత్తుతుంది. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి కొత్త ఓపెనర్లకు దాన్ని తప్పనిసరి చేశారు. జనరేటర్‌ను మాత్రం, తలుపు తెరిచి ఉందన్న ధైర్యంతో గ్యారేజ్‌లో పెట్టవద్దు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ లోపలి గదుల్లోకి చేరి నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

లోపలి వైపు అతికించిన రేటింగ్ చీటీని ఫోటో తీసి, పర్మిట్ తనిఖీ పూర్తయిన కాగితంతోపాటు బీమా కంపెనీకి పంపండి. కొన్నిచోట్ల ప్రీమియం తగ్గవచ్చు. ఇంటికి వచ్చే అమ్మానాన్నలకు ఆ ఎర్ర తాడును ఒకసారి చేతికిచ్చి చూపించడం కూడా బిగింపులో భాగమే అని నేను అనుకుంటాను. స్ప్రింగు తెగి తలుపు పైకెత్తి ఉన్నప్పుడు దాన్ని లాగితే రెండు వందల పౌండ్ల తలుపు ఒక్కసారిగా కిందపడుతుంది. మా ఇంట్లో ఆ తాడుకు ఎదురుగా గోడ మీద నాన్నగారి దస్తూరీతో ఒక కాగితం అతికించి ఉంది: "తలుపు పూర్తిగా దిగి ఉన్నప్పుడే లాగవలెను."