దెబ్బ తగిలి, ఇన్సూరెన్స్ లేకుండా ఆసుపత్రికి బయల్దేరే ముందు

రక్తం కారుతుంటే ముందు శుభ్రమైన గుడ్డతో గాయాన్ని గట్టిగా అదిమి పట్టండి. డబ్బు లెక్కలు తర్వాత. మెడకో వెన్నుకో దెబ్బ తగిలిందనిపిస్తే కదపకండి, అంబులెన్స్ పిలవండి.

• ఆపరేషన్ అవసరం పడొచ్చు, అందుకే డాక్టర్ చూసేదాకా తిండి, నీళ్లు ఇవ్వొద్దు.

• వాడే మందులు, అలర్జీలు, చివరి టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడో రాసుకోండి. టెన్షన్‌లో గుర్తుకు రావు.

• గుర్తింపు కార్డు, ఫోన్ ఛార్జర్ వెంట పెట్టుకోండి.

• ఇన్సూరెన్స్ లేదని మొదట్లోనే చెప్పేయండి, మొహమాటపడితే నష్టం మనకే. ఖర్చు అంచనా రాసివ్వమనండి. ప్రాణాపాయం లేదని తేలాక, ప్రతి పరీక్షకూ ‘ఇది ఇవాళే చేయాలా, ఆగొచ్చా?’ అని డాక్టర్నే అడగండి. రాయితీ, వాయిదాల సంగతి బిల్లు కట్టకముందే మాట్లాడండి. కట్టేశాక అడిగితే ఎవరూ పట్టించుకోరు.

• ఏ పద్దుకెంతో విడివిడిగా ఉన్న బిల్లే తీసుకోండి.