జీసీసీని సోర్స్ నుంచి బిల్డ్ చేస్తుంటే ఆగిపోతోందా? సమస్య - పరిష్కారం

జీసీసీ (సీ, సీ++ ప్రోగ్రాంల కంపైలర్) బిల్డ్ ఆగినప్పుడు అందరి కన్నూ చివరి లైను మీదే పడుతుంది. అక్కడ ఉండేది 'మేక్: ఎర్రర్ 2'. దాన్ని పట్టుకుని వెతికితే ఏమీ తేలదు. -జె8తో (ఒకేసారి 8 జాబ్‌లతో) నడిపిన బిల్డులో అసలు తప్పు వందల లైన్ల పైన ఉండిపోతుంది. మొదటి నుంచీ అవుట్‌పుట్‌ను ఒక ఫైల్లో దాచుకోండి, అందులో 'ఎర్రర్:' అన్న మాట మొట్టమొదట ఎక్కడ వచ్చిందో చూడండి. దొరక్కపోతే -జె లేకుండా మేక్‌ను మళ్లీ నడపండి. సరిగ్గా తప్పు దగ్గరే ఆగుతుంది.

జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ కావాలంటూ కాన్ఫిగర్ ఆగిపోయింది

ఇవి జీసీసీకి కావలసిన గణిత లైబ్రరీలు. సిస్టంలో ఉన్నా హెడర్ ఫైళ్లు లేకపోతే ఇదే జవాబు వస్తుంది. డెవలప్‌మెంట్ ప్యాకేజీలు వేస్తే సరి. అంతకన్నా నమ్మకమైన దారి: ఆర్కైవ్ విప్పిన ఫోల్డర్లో నిలబడి ./కాంట్రిబ్/డౌన్‌లోడ్_ప్రీరిక్విజిట్స్ నడపండి. తగిన వెర్షన్లు తెచ్చి సోర్స్‌లోనే పెడుతుంది, అవి జీసీసీతో పాటే బిల్డ్ అవుతాయి.

'కెనాట్ కంప్యూట్ సఫిక్స్ ఆఫ్ ఆబ్జెక్ట్ ఫైల్స్'

ఎక్కువ మందిని తప్పుదారి పట్టించేది ఇదే. సఫిక్స్‌కీ దీనికీ సంబంధం లేదు. అప్పుడే తయారైన కంపైలర్‌తో లిబ్‌జీసీసీ (జీసీసీ సొంత సహాయక లైబ్రరీ) కాన్ఫిగర్ ఒక చిన్న ప్రోగ్రాంను కంపైల్ చేయబోయింది, ఆ కంపైలర్ అసలు మొదలే కాలేదు. కారణం కాన్ఫిగ్.లాగ్‌లో ఉంటుంది. పై ఫోల్డర్లోది కాదు, బిల్డ్ ఫోల్డర్లో ఎక్స్86_64-పీసీ-లినక్స్-జీఎన్‌యూ/లిబ్‌జీసీసీ లోపలిది తెరవండి. చాలాసార్లు లిబ్‌ఎంపీసీ.ఎస్ఓ.3 తెరవలేకపోయానన్న లైను కనిపిస్తుంది. ఎంపీసీని ఎక్కడో విడిగా ఇన్‌స్టాల్ చేసి, --విత్-ఎంపీసీతో ఆ చోటు చెప్పి ఉంటారు. ఆ మాట లింకర్‌కు చేరింది గానీ, ప్రోగ్రాం నడిచేటప్పుడు లైబ్రరీలను వెతికే లోడర్‌కు చేరలేదు. ఆ ఫోల్డర్‌ను ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లో చేర్చండి, లేదా పైన చెప్పిన స్క్రిప్ట్ వాడండి. స్క్రిప్ట్ వాడితే ఈ బెడదే ఉండదు.

'స్టబ్స్-32.హెచ్' దొరకలేదు

64 బిట్ మెషీన్ మీద కూడా జీసీసీ 32 బిట్ లైబ్రరీలను బిల్డ్ చేయబోతుంది, వాటికి కావలసిన గ్లిబ్‌సీ (సిస్టం సీ లైబ్రరీ) హెడర్లు లేవు. 32 బిట్ అక్కర్లేకపోతే --డిజేబుల్-మల్టీలిబ్ ఇచ్చి కొత్త ఫోల్డర్లో మళ్లీ కాన్ఫిగర్ చేయండి.

పాత బిల్డ్ ఫోల్డర్‌ను అతుకులేసి నడిపించకండి. ఆప్షన్ మారినప్పుడల్లా దాన్ని తీసేయాలి. సోర్స్ ఫోల్డర్ లోపల బిల్డ్ చేయనే కూడదు.

సీసీ1ప్లస్ 'కిల్డ్'

సీసీ1ప్లస్ అంటే జీసీసీలో సీ++ కోడ్‌ను కంపైల్ చేసే ప్రోగ్రాం. మెమరీ చాలక దాన్ని కెర్నల్ చంపేసింది. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండ్‌లో ఆ సంగతి కనిపిస్తుంది. -జె2కు తగ్గించండి, లేదా స్వాప్ పెంచండి. ఒక్కో జాబ్‌కు 2 జీబీ లెక్కన చూసుకుంటే నిశ్చింత.

మేక్‌ఇన్ఫో, ఫ్లెక్స్ లేవంటోంది

రిలీజ్ ఆర్కైవ్‌లో వాటితో తయారయ్యే ఫైళ్లు ముందే ఉంటాయి. కాపీ చేసేటప్పుడు ఫైళ్ల సమయాలు మారిపోతే, అవి పాతబడ్డాయనుకుని మేక్ మళ్లీ తయారు చేయబోతుంది. ఆర్కైవ్‌ను తాజాగా విప్పండి, లేదా కాంట్రిబ్/జీసీసీ_అప్‌డేట్ --టచ్ నడపండి.

స్టేజ్ 1లోనే సింటాక్స్ ఎర్రర్ల వరద

జీసీసీ తనను తాను మూడు స్టేజుల్లో బిల్డ్ చేసుకుంటుంది, స్టేజ్ 1కు వాడేది సిస్టంలోని కంపైలర్‌నే. అది మరీ పాతది. జీసీసీ 11 నుంచి 14 వరకు సీ++11 తెలిసిన కంపైలర్ కావాలి, అంటే జీసీసీ 4.8 చాలు. జీసీసీ 15కు సీ++14 కావాలి, 5.4 అయినా ఉండాలి. లేకపోతే నడిమి వెర్షన్ ఒకటి ముందు బిల్డ్ చేసుకోండి.

'బూట్‌స్ట్రాప్ కంపారిజన్ ఫెయిల్యూర్'

స్టేజ్ 2, స్టేజ్ 3 ఆబ్జెక్ట్ ఫైళ్లు ఒకేలా లేవు. సొంత సీఫ్లాగ్స్ పెట్టి ఉంటే తీసేసి మొదటి నుంచి చేయండి. ప్రతిసారీ వేరే ఫైలు దగ్గర తేడా వస్తుంటే ర్యామ్‌ను అనుమానించి మెమరీ టెస్ట్ నడపండి. --డిజేబుల్-బూట్‌స్ట్రాప్‌తో దాటేయకండి, ఆ పోలికే మీ కంపైలర్‌కు పరీక్ష.

ఇన్‌స్టాల్ అయ్యాక పాత వెర్షనే చూపిస్తోంది, లేదా 'జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్ నాట్ ఫౌండ్'

మొదటిదానికి ప్రిఫిక్స్ (జీసీసీని ఇన్‌స్టాల్ చేసిన ఫోల్డర్)లోని బిన్, పాత్ వేరియబుల్‌లో ముందు ఉండాలి, ఆపైన హ్యాష్ -ఆర్ నడపండి. రెండోదానికి ప్రిఫిక్స్‌లోని లిబ్64ను ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌లో చేర్చండి. సిస్టం లిబ్‌ఎస్‌టీడీసీ++ (సీ++ లైబ్రరీ) మీద కొత్తదాన్ని చేత్తో కాపీ చేయకండి.